ఆవిరి పట్టని కళ్ళద్దాలు

హడావుడి నెలలు నిండకుండానే పుట్టింది. "లోపల కూర్చుని విసుగెత్తి బయటికి వచ్చేసింది" అని వాళ్ళమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. నడక సరిగ్గా రాకముందే పరుగు వచ్చింది. బడిలో టీచరు ప్రశ్న పూర్తి చేయకముందే చెయ్యెత్తేది, తీరా లేపి నిలబెడితే అడిగిందేమిటో తెలియక నీళ్ళు నమిలేది. హడావుడి అని పేరు పెట్టింది మేనమామ. ఇంట్లో పుట్టిన పేరు వీధికి పాకి, వీధి నుంచి కాలేజీకి పాకి, ఆమె ఉద్యోగంలో చేరేనాటికి ఆమెకంటే ముందే అక్కడ తయారుగా ఉంది.

అలాంటి మనిషి ఏరికోరి ఎంచుకున్న పని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. కాలేజీ రసాయనశాలలో గాజుపలకల మీద కంటికి కనిపించని పొరలు పెంచడం ఆమె పని. పూయడం కాదు, అతికించడం కాదు, అచ్చంగా పెంచడమే. గోడలకు వేసే తెల్లరంగులో టైటానియం డయాక్సైడ్ అనే పొడి కలుపుతారు. పొడిగా ఉన్నంతకాలం అది ఉత్త తెలుపు, అంతకుమించి దాని గొప్పేమీ లేదు. అదే పదార్థాన్ని నీళ్ళలో కరిగిన లవణం నుంచి గాజు మీద కొద్దికొద్దిగా మొలిపిస్తే కథ మారిపోతుంది. తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని పొర ఒకటి తయారవుతుంది. పెద్ద సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అందులో సన్నసన్నని కడ్డీలు గడ్డి మొలిచినట్టు ఒత్తుగా నిలబడి ఉంటాయి. ఆ సందుల్లోకి నీళ్ళు ఇట్టే పాకిపోతాయి. దాంతో గాజు మీద నీళ్ళు బొట్లుగా నిలవక పల్చగా పరుచుకుంటాయి. బొట్లు నిలవని చోట మసక పట్టదు.

చదువుకునే రోజుల్లో మాస్టారు ఆ పొర ఉన్న పలక మీద ఒక నీటిచుక్క వేసి చూపించారు. చుక్క పడిందో లేదో మాయమైంది, పలకంతా తడి పరుచుకుంది. మిగతా విద్యార్థులు "ఓహో" అని రాసుకున్నారు. హడావుడి మాత్రం "మళ్ళీ వేయండి మాస్టారూ, మళ్ళీ!" అని గంతేసి, పక్కనున్న జాడీ కాస్తా బోర్లా పడేసింది. ఆ రోజే ఆమె బతుకు ఎటు పోవాలో తేలిపోయింది.

మాస్టారి సంగతి వేరు. ఆయన ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య మనం ఒక కునుకు తీసి లేవొచ్చు. ఆయన నేర్పిన పద్ధతి ఇది. పలకను ద్రావణంలో ఉంచి పొర మొలిపించాలి, తరువాత కొలిమిలో పెట్టి బాగా కాల్చాలి, చల్లారనివ్వాలి. కొలిమి వేడికి పొర గట్టిపడి గాజును కరుచుకుంటుంది. గాజు ఆ వేడిని తట్టుకుంటుంది కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా ఏళ్ళు గడిచాయి.

ఇబ్బంది వాళ్ళమ్మ చేతి రూపంలో వచ్చింది.

అమ్మ పెద్దాసుపత్రి లాండ్రీలో ఆవిరి ప్రెస్సు మీద పనిచేస్తుంది. పెడలు తొక్కితే పై పలక దిగి బట్టను నొక్కుతుంది, వదిలితే బుస్సుమని ఆవిరి లేచి మొహాన్ని కప్పేస్తుంది. కాలరు మడత దగ్గర వేళ్ళు ఎంతదాకా పోనివ్వాలో, ఎప్పుడు వెనక్కి లాగాలో ఆవిడకు తెలిసినంతగా ఆ లాండ్రీలో ఇంకొకరికి తెలియదు. డాక్టర్లు "ప్రెస్సమ్మ చేతి కోటు" అని అడిగి మరీ తీసుకుంటారు. ఆ మాట విన్నప్పుడు ఆవిడ పైకి "ఆఁ, ఏముంది లెండి" అంటుంది గానీ, ఇంటికొచ్చి దాన్నే మార్చి మార్చి చెబుతుంది. హడావుడిని ఆవిడ పెంచింది ఆ ప్రెస్సు పక్కనే. చిన్నప్పుడు ఉతికిన దుప్పట్ల బుట్టలో కూర్చోబెడితే, బుట్టతో సహా దొర్లుకుంటూ తలుపు దాకా పోయేదట.

ఈమధ్య అమ్మకు దగ్గరా దూరమూ రెండూ ఆనడం లేదు. కళ్ళద్దాల దుకాణం పెట్టుకున్న తమ్ముడే, అంటే హడావుడి మేనమామే, అద్దాలు చేసిచ్చాడు. పెట్టుకుంటే ఆవిరికి మసకబారుతాయి. తీసేస్తే కాలరు అంచు కనపడదు. ఒకరోజు మసకను ఏప్రానుతో తుడుచుకుంటూ, పెడలు మీద కాలుందన్న సంగతి మరిచి రెండో చెయ్యి బట్ట మీద పెట్టింది. మణికట్టు దగ్గర చర్మం కాలిపోయింది.

లాండ్రీ సూపర్‌వైజరు చెడ్డ మనిషి కాదు, అదే పెద్ద చిక్కు. చెడ్డదైతే నాలుగు మాటలు అనేసి రావచ్చు.

"అమ్మా, నెలాఖరున భద్రత చూసేవాళ్ళు వస్తారు. మసక అద్దాలతో మీరు ప్రెస్సు మీదుంటే వాళ్ళు ఒప్పుకోరు. నిజం చెప్పాలంటే నేనూ ఒప్పుకోను, రేపు ఆ చెయ్యే పోతే? అప్పటికి ఏదైనా దారి దొరికితే సరేసరి. లేదంటే మడతల బల్ల దగ్గరికి మారిపోండి" అంది.

అమ్మ ఇంటికొచ్చి, "మడతల బల్లంటే మాత్రం తక్కువేముంది? హాయిగా కూర్చుని చేసుకోవచ్చు" అంది. అని, అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

హడావుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ముందు మామయ్య మీద కోప్పడింది.

"నీ కొట్లో మసక పట్టని అద్దాలు లేవా మామయ్యా? ఇన్నేళ్ళ నుంచి ఏం అమ్ముతున్నావు?"

"మసక పోయే మందుంది, ఇచ్చాను. మధ్యాహ్నానికి ఆవిరి దాన్ని కడిగేసిందట. సబ్బు రాయమన్నాను, కళ్ళు మండాయని మీ అమ్మ నన్ను తిట్టింది. గాజువి పెడదామంటే లాండ్రీలో గాజు రానివ్వరు, పగిలితే ముక్కలు రోగుల దుప్పట్లలో కలుస్తాయని. ప్లాస్టిక్‌వే పెట్టాలి. నీళ్ళు నిలవని పొరలు పెంచేది నువ్వు, అడిగేది నన్నా?"

ఆ మాట తనకెందుకు తట్టలేదా అని హడావుడికి తనమీద తనకే ఒళ్ళు మండింది. మరుక్షణం చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా కాలేజీకి పరుగెత్తింది.

"ప్లాస్టిక్ మీదా?" అన్నారు మాస్టారు. కాసేపాగి, "కొలిమిలో పెడితే ముద్దయిపోతుందమ్మా" అన్నారు.

"కొలిమి వద్దు మాస్టారూ! వేడినీళ్ళు చాలు. ద్రావణంలో పెరిగేటప్పుడే పొర గట్టిపడాలి. పైన కాల్చే పనే ఉండకూడదు. అలా పెంచినవాళ్ళున్నారు, నేను చదివాను. మా అమ్మ కళ్ళద్దాల మీద పెంచుతాను!"

మాస్టారు కళ్ళద్దాల పైనుంచి ఆమెను చూశారు. "వేడి తగ్గించిన కొద్దీ ఓపిక పెంచాలి. అది మన దగ్గరుందా?"

"తెచ్చుకుంటాను" అంది హడావుడి, అదేదో పక్క వీధి కొట్లో దొరికే సరుకైనట్టు.

మామయ్య అమ్మ చూపుకు సరిపోయే ప్లాస్టిక్ కటకాలు ఒక డబ్బానిండా ఇచ్చాడు. ఫ్రేముకు తగ్గట్టు అంచు కోయనివి, గుండ్రంగా పెద్దగా ఉన్నాయి. ఎండ తగిలినప్పుడు ఈ పొర తనను అంటుకున్న మురికిని కొరుక్కుతింటుంది, ఊరుకుంటే కింది ప్లాస్టిక్‌ని కూడా కొరుకుతుంది. అందుకని ముందు కటకం మీద ఇసుక జాతి పదార్థంతో ఒక పల్చని అడుగుపొర వేసింది. తరువాత టైటానియం లవణం కరిగిన నీళ్ళ సీసాలో కటకాన్ని ఉంచి, ఆ సీసాను వేడినీళ్ళ తొట్టిలో పెట్టింది. వేలు పెడితే చురుక్కుమని తీసేసుకునేంత వేడి, అంతే.

ఇక్కడ చేయవలసిన పనల్లా ఊరికే ఉండటం. నీళ్ళలోని టైటానియం నిదానంగా బయటపడి, కటకం మీద కుదురుకుని, ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ రావాలి. తొందరపడి వేడి పెంచితే అదంతా ఒక్కసారిగా నీళ్ళలోనే విరిగి తెల్లపొడిగా రాలిపోతుంది. ఈ సంగతి హడావుడికి క్షుణ్ణంగా తెలుసు, పిల్లలకు పాఠం కూడా చెబుతుంది. తెలిసి ఏం లాభం? సీసా వంక చూసింది, ఏమీ జరగడం లేదు. చుట్టూ తిరిగి వచ్చింది, ఏమీ జరగడం లేదు. కాలుకాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి వేడి నాబ్‌ను ఇంత, కనీకనిపించనంత, తిప్పింది. సీసాలో నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. కటకం మీద సున్నం వేసినట్టు పొడి, వేలితో రాస్తే మొత్తం ఊడి వచ్చింది.

మర్నాడు "ఇవాళ ముట్టుకుంటే నా చెయ్యి విరిగినట్టే" అని ఒట్టేసుకుంది. మధ్యాహ్నానికి మళ్ళీ పాలు. ఆ వారమంతా రసాయనశాలలో పాలకేంద్రం నడిచింది. ఒక ఉదయం మాస్టారు సబ్బునీళ్ళ బక్కెట్టు తెచ్చి ఆమె ముందు పెట్టి, "ఈ అలమారలో గాజు సామాను కడిగి చాలా కాలమైంది" అన్నారు. హడావుడి ఉక్రోషంతో అలమార మొత్తం కడిగింది. కడగడం అయ్యేసరికి సీసాలో నీళ్ళు ఇంకా తేటగానే ఉన్నాయి! అడుగున కొంచెం పొడి రాలింది, అది మామూలే. కటకం బయటికి తీసి కడిగి ఆరబెడితే మెరుస్తోంది. వెలుతురులోకి వంచితే అంచున నీలిరంగు జాడ. పొర పెరిగింది! పొర పెరగకపోతే ఆ రంగు రాదు!

కిటికీ ఎండలో కాసేపు పెట్టి, ఊపిరి బిగబట్టి, కటకాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని హా అని ఊదింది.

మసక పట్టింది. సుబ్బరంగా, మామూలు కళ్ళద్దానికి పట్టినట్టే పట్టింది.

మళ్ళీ పెంచింది. మళ్ళీ నీలి జాడ, మళ్ళీ మసక. ద్రావణం మార్చింది, ఆమ్లం పాళ్ళు మార్చింది, అడుగుపొర మార్చింది. గాజుసామానుతో పాటు బల్లలు, కిటికీలు కూడా కడిగేసింది. ఓపిక నేర్చుకున్నాక కూడా ఫలితం రాకపోతే ఇంక ఈ ఓపిక ఎందుకు తగలెయ్యనా అనిపించింది. నెలాఖరు ముంచుకొచ్చింది. భద్రతవాళ్ళు సోమవారం వస్తారని కబురొచ్చింది. శనివారం సాయంత్రం ఆఖరి ప్రయత్నం కూడా ఊదగానే మసకబారింది. ఆ కటకాలను మామయ్య చేతిలో పెట్టి, "ఇవి పనికిరావు" అంది. జీవితంలో మొదటిసారి ఆమె మెల్లగా మాట్లాడటం విని మామయ్య భయపడిపోయాడు.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "పనికొచ్చినా రాకపోయినా నా బిడ్డ చేసింది. బిగించి ఇయ్యి, నేను పెట్టుకుంటాను" అంది తమ్ముడితో. అతను అంచులు కోసి ఫ్రేములో బిగించి ఇంటికి తెచ్చాడు.

ఆ రాత్రి వంటింట్లో ముగ్గురూ ఉన్నారు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. మామయ్య వాతావరణం తేలికపరుద్దామని ఏవో జోకులు వేస్తున్నాడు, ఎవరూ నవ్వడం లేదు. హడావుడి గోడకు ఆనుకుని మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. అమ్మ గిన్నె మూత తీసింది. ఆవిరి గుప్పుమని మొహానికి కొట్టింది. అద్దాలు తెల్లబడ్డాయి. అమ్మ వాటిని తీసి, బట్ట చుట్టిన బొటనవేలితో ఒకదానికి లోపలివైపు ఒకసారి, ఇంకోదానికి లోపలివైపు ఒకసారి తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

హడావుడి తల ఎత్తింది.

"అమ్మా. ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశానే? తుడుచుకున్నాను."

"లోపలే తుడిచావు! బయట ఎందుకు తుడవలేదు?"

"బయట బాగానే ఉంటేనూ..." అని అమ్మ అనుమానంగా కళ్ళద్దాలు తీసి చూసుకుంది.

హడావుడి వాటిని లాక్కుంది. ఉబ్బెత్తుగా ఉన్న బయటివైపును ఆవిరి మీదికి తిప్పి పట్టుకుంది. ఆవిరి తగులుతూనే ఉంది, కటకం తేటగానే ఉంది. ఇంకా తగులుతోంది, ఇంకా తేటగానే ఉంది! అవతల పొయ్యి మంట చుక్క చెదరకుండా కనిపిస్తోంది. ఇవతలికి తిప్పి లోపలివైపు పట్టింది. తక్షణం మసక.

ఆమె వేసిన కేకకు మామయ్య కుర్చీ మీంచి లేచి నిలబడ్డాడు.

"మామయ్యా! పెరిగింది! మొదటిరోజు నుంచీ పెరుగుతూనే ఉంది! నేను రెండోవైపు ఊదుతున్నాను!"

"నిదానంగా చెప్పవే, ఊపిరి తీసుకో!"

ఊపిరి తీసుకునే ఓపిక ఎక్కడిది! గాజుపలకలైతే ఆమె కళ్ళు మూసుకుని పెట్టగలదు. పొర పెరగాల్సిన ముఖాన్ని కిందికి వాల్చి పెడతారు. ఎంత జాగ్రత్తగా ఉన్నా కాస్త పొడి రాలుతుంది, పై ముఖం మీద మేట వేసి అక్కడ పొరను చెడగొడుతుంది, కింది ముఖం శుభ్రంగా పెరుగుతుంది. ఏ ముఖమో మరిచిపోకుండా పలక మూలన ఒక గీత గీస్తారు. ఈ పని చేసేవాళ్ళకు ఇది అక్షరాభ్యాసం. కానీ కటకానికి మూల ఎక్కడుంది గీత గీయడానికి? చేతిలోకి తీసుకుంటే అది చిన్న గిన్నెలా ఉంటుంది. గిన్నెను ఎవరైనా ఎలా పెడతారో హడావుడి కూడా ప్రతిసారీ అలాగే పెట్టింది, లోతువైపు పైకి. పొడంతా ఆ లోతులోకే రాలింది. కిందనున్న ఉబ్బెత్తువైపు చక్కని పొర పెరిగింది. తీరా చూసుకునేటప్పుడు, కళ్ళద్దాలు తుడుచుకునేవాళ్ళు ఎటు ఊదుతారో అటే, లోపలివైపే ఊదింది.

"అయితే తప్పెవరిదే?" అంది అమ్మ, సగం అర్థమై.

"నాదే! నాదేనమ్మా! మొత్తం నాదే!" అని హడావుడి అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. తప్పు తనదని తెలిసి అంతలా పొంగిపోయిన మనిషిని మామయ్య అంతకుముందు చూడలేదు.

ఆదివారం పొద్దున్నే మామయ్య కటకాల అంచున, ఎలాగూ కోసి పారేసే చోట, సన్నని చిల్లులు పెట్టిచ్చాడు. హడావుడి చిల్లులకు దారం కట్టి, సీసా మూత నుంచి కటకాలను నిలువుగా వేలాడదీసింది. నిలువుగా ఉంటే పొడి రెండువైపులా జారిపోతుంది. సెలవు రోజైనా మాస్టారు వచ్చారు. సంగతంతా విని, నవ్వాపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. తరువాత వేడి నాబ్‌కు అడ్డంగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

డబ్బాలో మిగిలిన ఆఖరి జత ఇదే. ఇది పాలైతే రేపు అమ్మ మడతల బల్ల దగ్గరికి పోతుంది. హడావుడి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. కడగడానికి గాజు సామాను కూడా మిగల్లేదు. సీసాలో నీళ్ళు తేటగా ఉన్నాయి, కటకాలు కదలకుండా వేలాడుతున్నాయి, కంటికి కనిపించేలా ఏమీ జరగడం లేదు. జరుగుతోందని ఆమెకు తెలుసు. ఈ క్షణాన ఆ గుండ్రని ప్లాస్టిక్ మీద, రెండువైపులా, లెక్కలేనన్ని కడ్డీలు తలెత్తుతున్నాయని తెలుసు. ఆ ఆలోచనకే ఒళ్ళు గగుర్పొడిచింది. లేచి అరవాలనిపించింది. అరవలేదు, లేవలేదు.

మధ్యాహ్నం దాటాక మాస్టారు కుర్చీలోంచి లేచారు. గొడుగు తీసుకున్నారు.

"వెళ్తున్నారా మాస్టారూ?" అంది ఆమె కంగారుగా. "మరి నాబ్?"

"ఇంక కాపలా అక్కర్లేదు" అని ఆయన వెళ్ళిపోయారు.

కటకాలు తీసేసరికి సాయంత్రపు వెలుగు పోయింది. కడిగి, కిటికీ దగ్గర పెట్టి, వాటిని ఊదకుండానే ఇంటికెళ్ళింది. ఈ పొరకు ఎండ తగిలితేగానీ నీళ్ళను పరుచుకోనిచ్చే గుణం పూర్తిగా రాదు. ఊదకుండా వెళ్ళిందన్న మాట ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

సోమవారం అమ్మ పాత అద్దాలతో పనికి వెళ్ళిపోయింది. హడావుడి రసాయనశాలలో కిటికీ ముందు నిలబడి, ఎండ కటకాల మీద పాకేదాకా ఆగింది. కాసేపు తాగనిచ్చింది. అప్పుడు ఒకవైపు ఊదింది. తేట. రెండోవైపు ఊదింది. తేట! ఇంక ఆ తరువాత ఆమె మెట్లు దిగిందో దూకిందో ఎవరూ చెప్పలేరు. మామయ్య మెషీను ఆన్ చేసి సిద్ధంగా ఉన్నాడు. అంచులు కోసి, ఫ్రేములో బిగించి, "గీతలు పడకుండా డబ్బాలో పెట్టి..." అనేలోపే మేనకోడలు వీధి మలుపులో ఉంది.

లాండ్రీలో భద్రతవాళ్ళు అప్పటికే వచ్చేశారు. అమ్మ ప్రెస్సు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. సూపర్‌వైజరు నేల చూపులు చూస్తోంది. హడావుడి రొప్పుతూనే అద్దాలు చాచింది. అమ్మ పాత అద్దాలు తీసి కొత్తవి పెట్టుకుంది. సూపర్‌వైజరు భద్రతవాళ్ళ వంక చూసి, "ఒక్క కోటు" అంది.

బయటివాళ్ళు గదికి ఇవతలి చివరన ఉన్న పసుపుగీత దాటకూడదు. హడావుడి సూపర్‌వైజరు పక్కన గీత దగ్గర ఆగిపోయింది. అమ్మ కోటు పరిచింది, కాలరు సవరించింది, పెడలు తొక్కింది. వదిలింది. ఆవిరి బుస్సుమని లేచి అమ్మను మింగేసింది. తెల్లని మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. అమ్మ చెయ్యి అద్దాల మీదికి పోతుందేమోనని హడావుడి మునివేళ్ళ మీద లేచి చూసింది.

"ఒసేయ్!" అంది మబ్బులోంచి అమ్మ గొంతు. "ఆ కాళ్ళకి అవేంటే? ఒకదానికొకటి సంబంధం లేకుండా!"

సూపర్‌వైజరు ఉలిక్కిపడి పక్కకు చూసింది. హడావుడీ తన కాళ్ళ వంక చూసుకుంది. ఒక కాలికి తన తోలు చెప్పు. రెండో కాలికి రసాయనశాలలో మాత్రమే వేసుకునే నీలం రబ్బరు చెప్పు. కాలేజీ నుంచి ఇక్కడిదాకా వీధులన్నీ అలాగే పరుగెత్తి వచ్చింది. పక్కనే నిలబడ్డ సూపర్‌వైజరుకు కనపడలేదు. అమ్మకు కనపడింది, గదికి ఆ చివరనుంచి, ఆవిరిలోంచి.

సూపర్‌వైజరు ముందు నవ్వింది. తరువాత భద్రతవాళ్ళలో పెద్దాయన నవ్వాడు. "ఇంకో కోటు తియ్యండమ్మా" అన్నాడు.

హడావుడికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆవిరి లేస్తోంది, పోతోంది, మళ్ళీ లేస్తోంది. అమ్మ చెయ్యి ఒక్కసారి కూడా అద్దాల మీదికి పోలేదు, కాలరు మడత దగ్గరే ఉంది. కాలేజీలో క్లాసు ఉందని గుర్తొచ్చినా హడావుడి కదల్లేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా ఆ పసుపుగీత దగ్గరే, వేరువేరు చెప్పులతో, నిలబడి చూస్తూ ఉండిపోయింది.